కుక్క నోట్లోంచి బయటపడిన పెట్ట

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. పెరట్లో పన్నెండు కోళ్లున్నాయి. నిన్న సాయంత్రం వీధికుక్క ఒకటి దడి సందులోంచి దూరి మా ఎర్ర పెట్టని నడుము దగ్గర కరుచుకుంది. కర్ర తీసుకుని వెంటపడితే వదిలేసి పారిపోయింది. వీపు మీద ఈకలు ఊడిపోయాయి, రెండు చిన్న చిల్లులు కనిపిస్తున్నాయి. రక్తం పెద్దగా రాలేదు. ఎడమ కాలు కుంటుతోంది. సొమ్మసిల్లినట్టు ఉంటే నోరు తెరిచి నీళ్లు పోశాను, అప్పట్నుంచి గొంతులో గురగుర వస్తోంది. మా అత్తయ్యగారు పసుపు, ఆముదం కలిపి పూశారు. చచ్చేలోపు కోసేద్దాం అంటున్నారు మామయ్యగారు. గుడ్డు దగ్గర్నుంచి మా పాప పెంచిన పెట్ట అది, కోస్తామంటే ఏడుస్తోంది. తెల్లారాక నాలుగు నూకలు తింది కూడా. బతుకుతుందంటారా? కుక్కని తరిమేటప్పుడు నా ముంజేతి మీద దాని గోరో పన్నో గీరుకుంది, అదేం పెద్ద దెబ్బ కాదు.

సమాధానం: అమ్మా, ముందు మీ చేతి సంగతి. ఉత్తరం చివర అదేం పెద్ద దెబ్బ కాదని ఒక్క ముక్కలో వదిలేశారే, కోడి కంటే ఆ గీతే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. అందుకే మీకు నిన్న ఫోన్‌లోనే చెప్పాను. ఇదే పరిస్థితి మరెవరికైనా రావచ్చు కాబట్టి ఇక్కడ మళ్లీ వివరంగా రాస్తున్నాను.

కుళాయి తిప్పి, ధారగా పడే నీళ్ల కింద చెయ్యి పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి మరీ కడగండి, ఎందుకంటే రెండు నిమిషాలకే చాలా సేపు కడిగేశామనిపిస్తుంది. ఒక రోజు గడిచిపోయినా సరే, కడగండి. దాని మీద పసుపు, సున్నం, కారం ఏమీ పెట్టొద్దు. ఆ తర్వాత నేరుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. కుక్కకాటు టీకా అక్కడ ఉచితంగా వేస్తారు. గీరుకున్నచోట రక్తం కొంచెమైనా వచ్చిందా లేదా అన్నది డాక్టరుకు తప్పకుండా చెప్పండి. రక్తం వచ్చి ఉంటే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే, వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్ కూడా కావాలి. మొదటి డోసు వేయించుకుని బాగానే ఉందిలే అని ఆపేయకండి. వాళ్లు చీటీ మీద రాసిచ్చే తేదీలన్నిటికీ వెళ్లాల్సిందే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాన్ని నయం చేసే మందు లేదు. టీకా పనిచేసేది అంతకు ముందే.

కోడికి రేబిస్ వచ్చి దాన్నుంచి మీకు అంటుకుంటుందేమో అన్న భయం పెట్టుకోకండి. అది పాలిచ్చే జంతువుల జబ్బు. కానీ కుక్క పట్టుకున్నచోట ఈకలు దాని చొంగతో తడిసి ఉంటాయి. మీ చేతి మీద పచ్చి గాయం ఉండగా ఆ ఈకల్లో చెయ్యి పెట్టకూడదు. గ్లౌజులు వేసుకోండి, లేదా దెబ్బ తగలని వాళ్లెవరైనా గ్లౌజులు వేసుకుని కోడిని చూడాలి. పాపని మాత్రం పట్టుకోనివ్వకండి.

ఇక మీ ఎర్ర పెట్ట. బతికే అవకాశం ఉంది. కానీ నాలుగు నూకలు తింది కాబట్టి గండం గడిచిందనుకోకండి. కోడి నొప్పిని దాచుకుంటుంది. నీరసంగా కనిపిస్తే మిగతా కోళ్లు పొడుస్తాయి, గద్ద కన్ను పడుతుంది. అందుకే ఒంట్లో ఏముందో బయటికి తెలియనివ్వదు, పైకి మేత ఏరుతున్నట్టే ఉంటుంది. ఉదయం తిని సాయంత్రానికి చచ్చిపోయిన కోళ్లను నేను చాలా చూశాను. కుక్క పట్టిన కోడి విషయంలో మొదటి రెండు మూడు రోజులూ జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి.

గొంతులో గురగుర ఎందుకొస్తోందో చెబుతాను. ఎప్పుడైనా కోడి నోరు తెరిచినప్పుడు చూడండి, నాలుక మొదట్లో సన్నటి చీలిక ఒకటి మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటుంది. అదే దాని ఊపిరి దారి. మనకు ఎక్కడో గొంతు లోపల ఉండేది దానికి నాలుక వెనకాలే ఉంటుంది. సొమ్మసిల్లిన కోడి నోట్లో నీళ్లు పోస్తే కడుపులోకి పోవడానికి ముందు ఆ చీలికలోంచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నా చిన్నప్పుడు, ఈ చదువేమీ తెలియని రోజుల్లో, తలుపు సందులో పడి నలిగిన పెట్ట ఒకదానికి నేనే గ్లాసుతో నీళ్లు పట్టాను. రెండు గుక్కలు పోశానో లేదో, మెడ వెనక్కి వాల్చి నా చేతుల్లోనే పోయింది. దెబ్బ వల్ల కాదు, నేను పోసిన నీళ్ల వల్లే పోయిందని చాలా ఏళ్ల తర్వాత చదువుకుంటే తెలిసింది. దయచేసి ఇంకెప్పుడూ నోట్లో నీళ్లు పోయకండి. తల నిలబెట్టగలిగినప్పుడు ముక్కు కొసని నీళ్లలో తాకించండి. లేదంటే వేలు ముంచి ముక్కు పక్కన ఒక్కో చుక్కా పెట్టండి, అదే చప్పరిస్తుంది. తల నిలబెట్టలేనప్పుడు అసలు ఏమీ పట్టొద్దు. మీ పెట్టకి గురగుర తగ్గకపోయినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతున్నా, ఆగకుండా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దెబ్బ తగిలిన మొదటి గంటలో మందు కంటే ముందు చేయాల్సింది కోడిని నెమ్మదింపజేయడం. గంప కింద పెట్టి, సగం వరకు గోనెసంచి కప్పి, లోపల చీకటిగా, గాలి ఆడేలా ఉంచండి. కింద ఇసుకో ఊకో కాకుండా శుభ్రమైన పాత చీర మడత పరవండి. ఇసుక గాయంలోకి పోతుంది. పైగా బట్ట మీదయితే రక్తం పడినా, రెట్ట రంగు మారినా వెంటనే కనబడుతుంది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ చుట్టూ ఉంటుంది, మనకంటే బాగా ఎక్కువ. దెబ్బతో షాక్‌లోకి వెళ్లిన కోడికి ఆ వేడి పడిపోతుంది. కాళ్లు చల్లబడతాయి, నెత్తి మీది ఎర్ర జుట్టు, ముక్కు కింద వేలాడే తమ్మెలు పాలిపోతాయి, కళ్లు మూసుకుని ఈకలు ఉబ్బించుకుని ఒక మూలకి చేరుతుంది. వానలు పడే ఈ రోజుల్లో అయితే గంపకి ఒక పక్కన, బయటి నుంచి, 40 లేదా 60 వాట్ల పాతరకం బల్బు పెట్టండి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వేడి ఇవ్వదు. కరెంటు పోతే సీసాలో వేడినీళ్లు పోసి తువ్వాలు చుట్టి పక్కన పెట్టవచ్చు. వేడి ఒక్క వైపే ఉండాలి, ఎక్కువైతే కోడి రెండో వైపుకి జరగగలగాలి. మే నెల ఎండల్లో మాత్రం బల్బు జోలికి పోవద్దు. అప్పుడు నీడా, గాలీ ఉంటే చాలు. నోరు తెరిచి రొప్పుతోందంటే దానికి వేడి ఎక్కువై ఉండవచ్చు, వేడి తగ్గించినా ఆగకపోతే పైన చెప్పినట్టు ఆసుపత్రికే.

మీ ఇంట్లో ఇప్పుడు దాన్ని చూడటానికి వచ్చేవాళ్లు ఎక్కువై ఉంటారు. ఒకరు రెక్క ఎత్తి చూస్తారు, ఇంకొకరు కాలు లాగి చూస్తారు. అది కూడా దెబ్బే. కోడికి మనలా ఊపిరితిత్తుల కింద కండర పొర ఉండదు. ఎదురొమ్ము ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. రొమ్ము చుట్టూ చేతులు బిగించి పట్టుకుంటే గొంతు నొక్కకపోయినా ఊపిరాడక పోతుంది. తువ్వాలు కప్పి, రెక్కలు ఒంటికి ఆనేలా వదులుగా పట్టుకోవాలి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం మన పల్లెల్లో మామూలే, దెబ్బ తిన్న కోడిని మాత్రం అలా పట్టుకోవద్దు.

కాస్త తేరుకున్నాక గాయాలు చూడాలి. కుక్క దవడ పైనా కిందా రెండు వైపులా పడుతుంది. వీపు మీద రెండు చిల్లులు కనబడ్డాయంటే కడుపు వైపో, రెక్క కిందో, తొడ లోపలి వైపో ఇంకో రెండు ఉంటాయి. వాటిని మీరింకా చూసి ఉండరు. కోడి చర్మం పల్చన, దాన్ని ఈకలు కప్పేస్తాయి కాబట్టి బెత్తెడు చిరుగు కూడా దాగిపోతుంది. దూదిని తడిపి ఈకల్ని రెండు వైపులకీ పాయ తీస్తూ తోక నుంచి మెడ దాకా చూడండి. చర్మం మీద నల్లగా కమిలినచోటా, బుడగలా ఉబ్బినచోటా ఆగండి. వేలితో మెల్లగా నొక్కితే లోపల గాలి చిటపటలాడినట్టు తగిలిందంటే పన్ను లోపల ఊపిరితిత్తులకి కలిసి ఉండే గాలి సంచిదాకా దిగిందన్నమాట. అది డాక్టరు చూడాల్సిన గాయం. మెడ కింద మేత నిలిచే తిత్తి దగ్గర చిల్లు పడి తిన్న నూకలు బయటికి వస్తుంటే కూడా అంతే, అక్కడ కుట్లు పడాలి.

పూసిన ఆముదం, పసుపు మెల్లగా తుడిచేయండి. మీ అత్తయ్యగారు ప్రేమతోనే చేశారు, పైపైన గీరుకున్న దెబ్బకి పసుపు వల్ల పెద్ద నష్టం లేదు. కానీ లోతైన చిల్లులో పొడి కూరితే లోపల మురికి లోపలే ఉండిపోతుంది. ఆముదం ఈకల్ని అట్టకట్టిస్తుంది, ఒంటి వేడి నిలవదు. కిరోసిన్, ఇంజన్ ఆయిల్, కాఫీ పొడి లాంటివి అసలు వద్దు. లీటరు నీళ్లు మరగకాచి చల్లార్చి, చిన్న చెంచాతో ఒకటిన్నర చెంచాల ఉప్పు కలపండి. మందుల షాపులో దొరికే సెలైన్ సీసా అయినా సరే. సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజితో ఆ నీళ్లు కొడుతూ మురికి పోయేదాకా కడగండి. వీపు మీదా పక్కటెముకల దగ్గరా ఉన్న లోతు చిల్లుల్లోకి మాత్రం సూటిగా కొట్టకండి. కోడి గాలి సంచులు అక్కడిదాకా ఉంటాయి, నీళ్లు వాటిలోకి పోతే ప్రమాదం. అక్కడ తడి దూదితో తుడిస్తే చాలు. ఆ తర్వాత బెటాడిన్‌ని పల్చటి టీ డికాక్షన్ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి దూదితో అద్దండి. గాయం చుట్టూ ఈకల్ని కత్తెరతో కత్తిరించండి, పీకితే చర్మం చిరుగుతుంది. లోపల రక్తంతో నల్లగా కనబడే లేత ఈకలుంటాయి, వాటిని కత్తిరించకూడదు, ధారగా కారుతాయి.

రక్తం పెద్దగా రాలేదన్నారు, మంచిదే. కారుతూ ఉంటే శుభ్రమైన గుడ్డ పెట్టి ఐదు నిమిషాలు వేలు తీయకుండా నొక్కి పట్టాలి. ఆగిందా అని మధ్యలో ఎత్తి చూస్తే కట్టిన గడ్డ ఊడిపోతుంది. కేజీన్నర కోడి ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు వంద మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న టీ గ్లాసుడు. అందుకే మనకి కొంచెమే అనిపించే రక్తం దానికి కొంచెం కాదు.

గోదావరి జిల్లాల్లో పందెంకోళ్లు పెంచిన ఇళ్లలో సూదీ దారం పట్టుకుని కుట్లు వేసే చెయ్యి ఒకటి ఉంటుంది. మీ వీధిలోనూ ఎవరో ఒకరు ముందుకొస్తారు. వద్దని చెప్పండి. కుక్క పన్ను దిగిన చిల్లుని పైన కుట్టేస్తే లోపల సూక్ష్మక్రిములు మూతపెట్టిన కుండలో ఉన్నట్టు పెరుగుతాయి. చిన్న చిల్లులు తెరిచి ఉంటేనే మంచిది, అడుగునుంచి మానుకుంటూ వస్తాయి.

కుక్క నోట్లోని క్రిములు ఒక్క రోజులోనే రక్తంలోకి చేరగలవు. బయటి గాయం ఎంత శుభ్రం చేసినా పన్ను దిగినంత లోతుకి మన బెటాడిన్ పోదు. కాబట్టి యాంటీబయాటిక్ కావాలి, అదీ ఈరోజే. రేపటిదాకా ఆగొద్దు. ఊళ్లో పశువైద్య సహాయకుడు ఉంటే పిలవండి, లేదంటే మండలంలోని పశువుల ఆసుపత్రికి బుట్టలో పెట్టుకుని తీసుకెళ్లండి. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా 1962 నంబరుకి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి అడగవచ్చు. ఒక్క కోడి కోసం ఏం ఫోన్ చేస్తాంలే అని మొహమాటపడకండి. ఇంట్లో మిగిలిన మనుషుల మాత్రలు మాత్రం విరిచి పెట్టకండి, ఎంత మోతాదో మనకి తెలియదు. మరీ ముఖ్యంగా నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్ రాబందుల్ని దాదాపు తుడిచిపెట్టేసిందని తేలాక మన దేశంలో పశువులకి దాన్ని వాడకూడదని 2006లో నిషేధించారు. కోడికి కూడా అలాంటి మందు ఇంట్లో వేయకూడదు. నొప్పికి పక్షులకు పనికొచ్చే మందు డాక్టరు దగ్గర ఉంటుంది.

కుంటుతున్న కాలు గురించి. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి. వాపు, వంకర, తాకితే ఎముక కరకరలాడటం ఏమీ లేకుండా, కాలు వెచ్చగా ఉండి, మీ వేలిని గోళ్లతో పట్టుకోగలుగుతోందంటే కండ బెణికి ఉండవచ్చు. వారం రోజులు గంప కింద కదలకుండా ఉంచి, గూటిలో కర్ర మీదికి ఎగరనివ్వకపోతే చాలావరకు సర్దుకుంటుంది. విరిగిందనిపిస్తే లాగి సరిచేయాలని చూడకండి. తొడ దగ్గర విరిగితే ఇంట్లో కట్టుతో ఆగదు. మోకాలి కింద పొలుసుల కాలు విరిగితే, దూది చుట్టి, ఐస్‌క్రీమ్ పుల్లలు రెండు వైపులా పెట్టి, మైక్రోపోర్ టేపుతో వదులుగా చుట్టి, డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా కదలకుండా చూడండి. వేళ్లు చల్లబడినా, వాచినా కట్టు బిగుసుకుపోయినట్టే, వెంటనే సడలించాలి. పక్షి ఎముక త్వరగా అతుకుతుంది, మూడు వారాలు పట్టవచ్చు. రెండు కాళ్లూ వెనక్కి చాపేసి, గిల్లినా కదపకపోతే నడుము విరిగి ఉండవచ్చు.

ఇప్పుడు మీకు కుక్క కంటే పెద్ద శత్రువు ఈగ. వానాకాలంలో తడి గాయం మీద ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులు పడతాయి. బియ్యపు నూకల్లాంటి తెల్లటి గుడ్లు ఈకల మొదట్లో గుత్తిగా కనబడతాయి. పాత దోమతెర ముక్క గంప మీద కప్పండి, పొద్దునా సాయంత్రం గాయం చూడండి. ఈగలు వాలకుండా చల్లే మందు పశువుల ఆసుపత్రిలో అడగండి. పురుగులు పడితే పట్టకారుతో ఒక్కొక్కటీ తీయాల్సిందే. ఓపిక కావాలి, కానీ ఒక్క పురుగు మిగిలినా లోపల తొలుస్తూ పోతుంది.

మిగతా పదకొండు కోళ్లలో కలపకండి. ఎర్రగా కనబడినచోట కోడి పొడవకుండా ఉండదు, అది వాటి స్వభావం. గాయం ఎండి, పొక్కు రాలి, ఈకలు మళ్లీ మొలిచేదాకా వేరుగా ఉండాలి. ఒంటరిదై దిగులు పడకుండా గంపని మిగతావాటికి కనిపించే చోట పెట్టండి.

మేతకి మొదటి రోజు పలచగా, మెత్తగా ఉన్నవి పెట్టండి. ఉడికించిన గుడ్డులోని పచ్చసొన చిదిపి, తడిపిన తవుడులో కలిపి పెడితే ఇష్టంగా తింటుంది. ఒక రోజు ఓఆర్‌ఎస్ నీళ్లు పెట్టవచ్చు, ఆ తర్వాత మామూలు నీళ్లే. రెట్ట చూస్తూ ఉండండి. సరిగా తినకపోతే ఆకుపచ్చగా నీళ్లలా వేస్తుంది. రెట్టలో రక్తం పడితే లోపల దెబ్బ తగిలినట్టు. వంటింటి కాటా ఉంటే రోజూ బరువు తూచండి, తింటున్నట్టు నటించే కోడి కాటా మీద దొరికిపోతుంది.

మామయ్యగారి మాటకి వద్దాం. కోళ్లు పెంచే ఇంట్లో ఆ మాట రావడం తప్పు కాదు. అయినా ఈ కోడిని మాత్రం కోయొద్దని నా పేరు చెప్పి చెప్పండి. కరిచింది ఏ కుక్కో తెలియదు. దాని చొంగ అంటిన కోడిని కోసి, ఈకలు పీకి, శుభ్రం చేసే చేతులకి ప్రమాదం. మందు పడ్డాక అయితే, ఎన్ని రోజులు మాంసం, గుడ్లు తినకూడదో డాక్టరు చెబుతారు, అన్ని రోజులూ ఆగాలి. అయినా ఇంత భయపడ్డ పెట్ట కొన్ని వారాల పాటు గుడ్డు పెట్టకపోవచ్చు, దానికి కంగారు పడకండి.

పేగులు బయటికి వచ్చినా, నడుము విరిగి కాళ్లు చచ్చుబడినా, ఊపిరి కోసం గిలగిలలాడుతూ తేరుకోకపోయినా బతికించాలని పట్టుబట్టడం దాన్ని బాధపెట్టడమే. అలాంటప్పుడు నొప్పి తెలియకుండా పోనివ్వమని డాక్టర్ని అడగండి. పాపకి నిజం చెప్పండి, అర్థం చేసుకుంటుంది. మీ ఉత్తరం చదివితే మీ పెట్ట అంత దూరం పోలేదనే నాకనిపిస్తోంది.

స్కూటర్ చక్రం కింద పడినా, తలుపు సందులో నలిగినా మొదటి గంట పద్ధతి ఇదే. తొట్టిలో పడి తడిసిన కోడిపిల్లని మాత్రం ముందు పొడిగుడ్డతో అద్ది, అరచేతుల్లో వెచ్చబరిచి, ఆ తర్వాతే బల్బు దగ్గర పెట్టాలి.

దడి సందు ఈరోజే మూయించండి. ఒకసారి కోడి దొరికిన చోటికి కుక్క మళ్లీ వస్తుంది. రేపు సాయంత్రం నాకు మూడు సంగతులు రాయండి: గురగుర తగ్గిందా, కడుపు వైపు చిల్లులు కనబడ్డాయా, మీ రెండో టీకా ఏ తేదీన.